మొదటిసారి నొక్కినప్పుడు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ కౌంటరక్క అనే పిలిచేవారు. కంప్యూటర్ల పనిలోకి రాకముందు ఆమె పదకొండేళ్ళపాటు ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుంది. కవరు మీద పేరు రాయడం, రిపోర్టు మడిచి అందులో పెట్టడం, కిటికీ అవతల నిలబడ్డ మనిషి పేరు ఒకటికి రెండుసార్లు అడిగి చేతికివ్వడం, ఇదీ ఆమె ఉద్యోగం. ఆ పదకొండేళ్ళలో ఒక్క కవరు కూడా తప్పు చేతికి పోలేదని ఆమెకు కాస్త గొప్పగానే ఉండేది. ఎవరైనా తొందరపెడితే, "ఆగండి, పేరు చూడనివ్వండి" అని వాళ్ళను నిలబెట్టేసేది. విసుక్కున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, తప్పు పట్టినవాళ్ళు లేరు.

ల్యాబుకి కంప్యూటరు ప్రోగ్రాము రాసిపెట్టిన చిన్న కంపెనీ ఒకటుంది. అందులో ఏ తేడా వచ్చినా కౌంటరక్క ఒక నోటుబుక్కులో టైముతో సహా రాసి ఉంచేది. ఆ కంపెనీ యజమాని ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, తన దగ్గర పనిచేసేవాళ్ళకే ఇంత శ్రద్ధ లేదన్నాడు. మాట వరసకే అని ఉండొచ్చు. ఆమె మాత్రం ఆ మాట మనసులో పెట్టుకుని, సాయంత్రాలు క్లాసులకు వెళ్ళి, తన సగం వయసున్న పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. నలభయ్యో ఏట అదే యజమాని దగ్గర ఉద్యోగంలో చేరింది. అయిదుగురు మనుషులు, రెండు గదులు, ఎప్పుడూ గుర్రుమనే ఒక ఏసీ. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "నేను కిందికీ పైకీ తిరుగుతా, నువ్వు కూర్చున్నచోటే ఎక్కుతున్నావు" అని నవ్వేవాడు.

ఆమెకు నలభై ఆరేళ్ళు వచ్చిన ఏడాది జరిగింది ఇది.

ల్యాబువాళ్ళ రిపోర్టులు ఫోనులో చూసుకునే యాప్ ఒకటి అప్పటికే ఉంది. రిపోర్టు చూడటం వరకే కాకుండా, దాన్ని ఇంట్లోవాళ్ళకో డాక్టరుకో పంపుకునే వీలుండాలని అందరూ అడుగుతున్నారు. ఆ షేర్ బటన్ పెట్టే పని కౌంటరక్క మీద పడింది.

వినడానికి చిన్న పనే. ప్రతి రిపోర్టు పక్కనా ఒక గుర్తు. అది నొక్కితే తెర అడుగునుంచి ఒక మెనూ పైకి లేస్తుంది. అందులో మొదటి వరసలో ఈ మధ్య ఎక్కువగా మాట్లాడిన మనుషుల ముఖాలు, వాటి కింద మెసేజీలు, మెయిలు, ప్రింటరు. ఆ మెనూ మనం తయారుచేసేది కాదు, ఫోనుదే. మన ప్రోగ్రాము చెయ్యాల్సిందల్లా, "ఇదిగో ఈ కాగితం, మెనూ చూపించు" అని ఫోను చేతిలో పెట్టడమే. ఆ తర్వాత అది ఎవరి ముఖాలు చూపిస్తుందో, మనిషి ఎవరిని నొక్కుతాడో, కాగితం ఎక్కడికి పోతుందో మన ప్రోగ్రాముకి తెలియదు, ఫోను చెప్పదు. అది చదివినరోజే ఆమెకు ఎక్కడో కాస్త బెదురు పుట్టింది. కిటికీ అవతల ఎవరున్నారో కనిపించకుండా కవరు బయటికి చాచినట్టు అనిపించింది. కాని అన్ని యాప్‌లూ అలాగే చేస్తాయని సర్దిచెప్పుకుంది.

రాసింది, నడిపింది. మెనూ లేచింది గాని అందులో కాగితం లేదు, ఖాళీ తెల్ల పలక ఒకటి వచ్చింది. మూసి మళ్ళీ నొక్కితే రిపోర్టు సరిగ్గా వచ్చింది. యాప్ తెరిచాక మొదటిసారి నొక్కినప్పుడు మాత్రమే ఆ తెల్ల పలక. సాయంత్రం వరకూ దానితో కుస్తీ పట్టింది. ఎందుకలా వస్తుందో అంతు చిక్కలేదు. మర్నాటికల్లా ల్యాబుకి చూపించాలని యజమాని రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. చివరికి ఆమె ఒక ఉపాయం చేసింది. పంపాల్సిన రిపోర్టు పేరు దాచే చోట ఖాళీ ఉండబట్టే కదా తెల్ల పలక వస్తోంది, అక్కడ ముందుగానే ఏదో ఒకటి ఉంటే సరిపోతుంది కదా అనుకుని, ఆ మనిషి ఆఖరిసారి తెరిచి చూసిన రిపోర్టును అక్కడ పెట్టేసింది. తెల్ల పలక మాయమైంది. ఎందుకు వచ్చిందో తెలియకుండానే ఎలాగో పోయింది. ప్రాణం హాయిగా ఉండి, బ్యాగు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

తప్పులు వెతికే పని ఆఫీసులో ఒక పెద్దమనిషిది. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది వచ్చిన ఆయనకు తప్పులాయన అని పేరు పడిపోయింది. ఆయన మొదటిసారి నొక్కి, మెనూ లేస్తోందా లేదా చూశాడు. రెండోసారి నొక్కి, పంపితే సరైన రిపోర్టు వెళ్తోందా చూశాడు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. పచ్చ పెన్నుతో టిక్కు పెట్టాడు. సోమవారంనాడు ఆ యాప్ ఆరువేల ఫోన్లలోకి వెళ్ళింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. దానికి వారం ముందు కౌంటరక్క అదే ల్యాబులో తనకొక పరీక్ష చేయించుకుంది. స్నానం చేస్తున్నప్పుడు రొమ్ము పక్కన చేతికి గడ్డలాంటిది తగిలింది. సూదితో కాస్త కణజాలం తీసి చూశారు. రిపోర్టు ఆమె ఫోనులోకే వచ్చింది. అనుమానించదగ్గ కణాలు కనిపిస్తున్నాయి, వెంటనే తదుపరి పరీక్షలు అవసరం, అని ఉంది. పదకొండేళ్ళు అలాంటి కాగితాలు మడిచి కవర్లలో పెట్టి, "డాక్టరుగారికి చూపించండి" అని మామూలుగా అన్న మనిషి. ఇప్పుడు తన కాగితాన్ని ఏ డాక్టరుకీ చూపించలేదు. భర్తకు చెప్పలేదు. తమ్ముడికి చెప్పలేదు. రోజుకి పదిసార్లు బాత్రూములోకి వెళ్ళి, తలుపు గడియ వేసుకుని, ఆ రిపోర్టు తెరిచి, అవే మూడు వాక్యాలు చదివి, మూసేసేది. ఈసారి చదివితే వేరే అర్థం కనిపిస్తుందేమోనని ఆశ. కనిపించలేదు. అలా తొమ్మిది రోజులు.

గురువారం పదకొండు గంటలప్పుడు తమ్ముడు మెసేజీ పెట్టాడు. అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకొచ్చానని, థైరాయిడ్ రిపోర్టు పంపమని. ఇంట్లో అందరి రిపోర్టులూ కౌంటరక్క నంబరు మీదే ఉంటాయి. ఆమె అప్పుడే బాత్రూములోంచి వచ్చి కూర్చుంది. ఫోను తీసి, అమ్మ పేరు చూసుకుని, పక్కన తను పెట్టిన గుర్తే నొక్కింది. మెనూ లేచింది. మొదటి ముఖం తమ్ముడిదే. నొక్కింది. తన పని తనకే అక్కరకొచ్చిందని కాస్త ముచ్చటపడి, ఫోను బల్ల మీద బోర్లించింది.

రెండు నిమిషాలకు ఫోను మోగింది. తమ్ముడి వెనక ఏదో వరండా చప్పుడు వినిపిస్తోంది.

"అక్కా, ఇదేం పంపావు?"

"అమ్మ రిపోర్టు."

"అమ్మది కాదక్కా. డాక్టరుగారు చదివి, ఇందులో పేరు వేరే ఉంది, వయసు నలభై ఆరు అన్నారు. అమ్మ పక్కనే ఉంది. నేను ఫోను లాక్కుని బయటికొచ్చేశాను." తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, ఇది నీదేనా?" అన్నాడు.

ఏసీ గుర్రుమంటూనే ఉంది. ఎదుటి బల్ల దగ్గర తప్పులాయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. గది అంతా ఎప్పటిలాగే ఉంది గాని, తను కూర్చున్న కుర్చీ మాత్రం కిందికి దిగిపోతున్నట్టు అనిపించింది.

"నాదే," అంది.

"ఎప్పటిది?"

"తొమ్మిది రోజులైంది."

"బావకి తెలుసా?"

"తెలీదు."

తమ్ముడు ఇంకేదో అంటున్నాడు. ఆమె చెవికి ఎక్కడం లేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆమెకు ఒక సంగతి తట్టింది. తను నొక్కింది అమ్మ పేరే. పేరు చూసే నొక్కింది. కౌంటరు అలవాటు, ఒకటికి రెండుసార్లు చూసే నొక్కింది. అయినా వెళ్ళింది తనది.

తర్వాత చేస్తానని తమ్ముడికి చెప్పి, ఫోను పెట్టేసి, మళ్ళీ అమ్మ పేరు పక్కన నొక్కింది. అమ్మ రిపోర్టే వచ్చింది. పేరు, వయసు చదువుకుని తమ్ముడికి పంపింది. అప్పుడు యాప్ పూర్తిగా మూసి, మళ్ళీ తెరిచి, ముందు తన రిపోర్టు చూసి, వెనక్కి వచ్చి, అమ్మ పేరు పక్కన నొక్కింది. మెనూ తలమీద వేలిగోరంత బొమ్మ ఒకటి ఉంటుంది, ఏ కాగితం వెళ్తోందో చూపించేది. ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఇప్పుడు కళ్ళు చికిలించి చూసింది. అందులో తన పేరుంది.

సోమవారం నుంచి గురువారం దాకా, ఆరువేల ఫోన్లు. ఇంట్లో నలుగురి రిపోర్టులూ ఒక్క ఫోనులో పెట్టుకునేవాళ్ళే ఎక్కువ. ఎవరో ఒకావిడ రహస్యంగా తన రిపోర్టు చూసుకుని, ఆ తర్వాత పిల్లాడిదో మామగారిదో ఎవరికో పంపి ఉంటుంది. వెళ్ళింది పిల్లాడిది అనుకుంటూ ఉంటుంది. అవతలివాళ్ళు ఇంకేదో చదువుతూ ఉంటారు.

ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ మాట ఆమె మనసులోకి మెల్లిగా వచ్చి కూర్చుంది. ఈ పూటకి దిద్దేసి, వచ్చేవారం కొత్త మార్పులతో కలిపి పంపేస్తే మూడో కంటికి తెలియదు. తమ్ముడికి పొరపాటున నొక్కానని చెప్పొచ్చు. ఉద్యోగం ఉంటుంది. ఇప్పుడు ఉద్యోగం లేకపోతే ఆస్పత్రి సంగతేమిటి, ఈ వయసులో మళ్ళీ ఎవరు తీసుకుంటారు? ఆమె అలా ఎంతసేపు కూర్చుందో గాని, ఆ తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, గడ్డ సంగతికన్నా ఆ కాసేపే ఆమెకు ఎక్కువ సిగ్గుగా ఉండేది.

లేచి తప్పులాయన బల్ల దగ్గరికి వెళ్ళి, ఫోను ఆయన ముందు పెట్టి, ఏం నొక్కాలో వరసగా చెప్పింది. ఆయన నొక్కాడు. బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశాడు. మూసి, మళ్ళీ అదే చేశాడు. ఆయన ముఖంలో రంగు దిగిపోయింది.

"మొదటిసారి నొక్కినప్పుడేనమ్మా," అన్నాడు. "నేను రెండోసారి చూసి సంతకం పెట్టాను."

అది తన తప్పేనని, ఆయనది కాదని ఆమె అంది. ఆయన వినలేదు. ముప్పై ఏళ్ళు అక్షరాలు దిద్దినవాడికి ఆ మాట ఓదార్పు కాదు.

ఇద్దరూ కలిసి యజమాని గదిలోకి వెళ్ళారు. ఆయన చెడ్డవాడేం కాదు, కంగారు మనిషి. సంగతి అర్థమవడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక తల పట్టుకున్నాడు. దిద్దిన యాప్ పంపితే ఎంతసేపటికి జనానికి చేరుతుందని అడిగాడు. యాప్‌ల దుకాణంవాళ్ళు చూసి సరేననడానికి ఒక రోజు పట్టొచ్చని, ఆ తర్వాత కూడా ఎవరి ఫోనులో వాళ్ళు మార్చుకుంటేనే మారుతుందని ఆమె చెప్పింది. మరి ఈలోగా ఆ బటన్ తీసెయ్యలేమా అన్నాడు. ఇక్కణ్ణుంచి తీసే వీలు పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది. అదీ ఆమే ఒప్పుకుంది.

"ఒక్కటే దారి ఉంది సార్. మొత్తం రిపోర్టులు ఆపెయ్యాలి. ఇక్కణ్ణుంచి ఏ ఫోనుకీ ఏమీ పోకుండా."

"పట్టపగలు ఆపేస్తే, పొద్దున పరీక్ష చేయించుకున్నవాళ్ళ గతేంటి?"

"కౌంటరు ఉంది కదా సార్. వెళ్ళి తీసుకుంటారు."

యజమాని ల్యాబు డాక్టరమ్మకు ఫోను చేశాడు. కౌంటరక్క ఎదురుగా కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. తప్పులాయన ఆమె పక్కనే నిలబడ్డాడు, ఎటూ కదలకుండా. డాక్టరమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న, ఇంకా ఎందుకు ఆపలేదని. పన్నెండు కాకముందే ఆపేశారు. ఆరువేల ఫోన్లలో రిపోర్టుల జాబితా ఖాళీ అయింది.

ఇప్పుడు దిద్దాలి. తెల్ల పలక వచ్చినప్పుడు అంతు చిక్కనిది, ఈసారి అరగంటలో కనిపించింది. భయం కళ్ళు అలా తెరిపిస్తుందో, లేక అప్పుడు తను అసలు చూడనే లేదో. ఆమె రాసిన ప్రోగ్రాములో చీటీల్లాంటివి రెండున్నాయి. ఒకదాని మీద ఏ రిపోర్టు అని, రెండోదాని మీద మెనూ చూపించాలా వద్దా అని. గుర్తు నొక్కగానే రెండూ ఒకేసారి మారుస్తున్నాననుకుంది. ఫోను మాత్రం, యాప్ తెరిచాక మొదటిసారి, చూపించు అన్న చీటీ చూసిందే తడవుగా, మొదటి చీటీలో అంతకుముందున్నదే పట్టుకుని మెనూ సిద్ధం చేసేస్తోంది. అక్కడ ఏమీ లేనప్పుడు తెల్ల పలక వచ్చింది. ఆ తెల్ల పలకే నిజం చెప్పింది, ఇక్కడ ఏదో సరిగ్గా లేదు అని. దాన్ని తనే వేరేవాళ్ళ కాగితంతో కప్పేసింది.

రెండు చీటీలూ తీసేసి ఒక్కటే పెట్టింది. రిపోర్టు చేతికి వస్తేనే మెనూ లేస్తుంది, ఆ రిపోర్టుతోనే లేస్తుంది, అది లేకపోతే మెనూ లేదు. దాని ముందు ఇంకో చిన్న పలక కూడా పెట్టింది, ఎవరి రిపోర్టు పంపుతున్నారో పేరు, వయసు పెద్ద అక్షరాలతో చూపించి, సరేనా అని అడిగేది. తప్పులాయన ఈసారి యాప్ మూసి తెరిచి, మూసి తెరిచి, అరవైసార్లు మొదటిసారి నొక్కాడు. కొత్త యాప్ వేసుకున్న ఫోన్లకే మళ్ళీ రిపోర్టులు వెళ్ళేలా పెట్టారు.

తర్వాత అసలు భయం మొదలైంది. ఎవరెవరు షేర్ గుర్తు నొక్కారో, దానికి ముందు ఏ రిపోర్టు తెరిచారో సర్వరులో ఉంది. ఎవరికి పంపారన్నది లేదు. ఏరితే నలభై మూడు నంబర్లు తేలాయి. ఫోన్లు తనే చేస్తానంది కౌంటరక్క. డాక్టరమ్మ ఒప్పుకుని, ఏం మాట్లాడాలో మెయిలులో రాసి పంపింది. ఆ మనిషితోనే మాట్లాడాలి, ఇంట్లోవాళ్ళతో కాదు. రిపోర్టులో ఏముందో నోరెత్తకూడదు. తప్పు మాదని మొదటి వాక్యంలోనే చెప్పాలి.

ఒక్కో నంబరు నొక్కేముందు జాబితాలో పేరు ఒకటికి రెండుసార్లు చూసుకునేది. అవతల మోగుతున్నంతసేపూ, ఎత్తకపోతే బాగుండుననీ, ఎత్తకపోతే ఎలాగనీ, రెండూ ఒకేసారి అనిపించేవి. చాలామంది తేలిగ్గానే తీసుకున్నారు. ఒకాయన, తన కొలెస్ట్రాలు రిపోర్టు వియ్యంకుడికి వెళ్ళిందని, ఇకమీద ఆయనింటికి భోజనానికి వెళ్తే నూనె తగ్గిస్తారేమోనని బెంగపడ్డాడు. ఇంకొకావిడ తిట్టింది. గుక్క తిప్పుకోకుండా అయిదు నిమిషాలు తిట్టింది. కౌంటరక్క విన్నది. తిట్టేవాళ్ళతోనే ఆమెకు కాస్త నయంగా ఉంది.

ఇరవయ్యో ముప్పయ్యో ఫోనుకి ఒక అమ్మాయి ఎత్తింది. వెనక కుట్టుమిషన్లు వరసగా తిరుగుతున్న చప్పుడు. కౌంటరక్క చెప్పాల్సింది చెప్పింది. మిషన్ల చప్పుడు దూరమైంది, ఆ అమ్మాయి ఎక్కడికో నడిచి వెళ్ళినట్టుంది.

"నేను జ్వరం పరీక్షది మా సూపర్‌వైజరుకి పంపాను. సెలవు కోసం," అంది గొంతు బాగా తగ్గించి. "అది కాకుండా ఇంకోటి వెళ్ళిందంటారా?"

"మీ ఫోనులో ఆ మెసేజీ తెరిచి చూడండమ్మా. అందులో ఉంటుంది."

ఆ అమ్మాయి వెతుకుతున్నంతసేపూ, ఆమె ముందు తెరిచిన రిపోర్టు ఏదో కౌంటరక్క ఎదుట జాబితాలో కనిపిస్తూనే ఉంది. నెల తప్పిందని చెప్పేది.

"చూశారు," అంది ఆ అమ్మాయి. "మంగళవారమే చూశారు. చదివినట్టు నీలం టిక్కులు వచ్చాయి. నన్ను ఏమీ అడగలేదు." మళ్ళీ ఆగి, "ఇక్కడ కడుపుతో ఉన్నవాళ్ళని నెలలు నిండేదాకా ఉంచరండి. ఇంకో రెండు నెలలు చెప్పకూడదనుకున్నాను. అడగలేదంటే ఏమనుకోవాలి?" అంది.

డాక్టరమ్మ రాసిచ్చిన దాంట్లో దీనికి జవాబు లేదు. పంపింది మీరు కాదని, యాప్ తప్పువల్ల వెళ్ళిందని ల్యాబు సంతకంతో ఉత్తరం ఇస్తామని, దాన్ని ఎవరైనా వాడుకుని ఏమైనా చేస్తే తాము వచ్చి చెబుతామని కౌంటరక్క అంది. ఆ ఉత్తరంతో ఏమవుతుందో ఆమెకూ తెలియదు. ఆ అమ్మాయి సరేనని, మిషను దగ్గరికి వెళ్ళాలని పెట్టేసింది. కౌంటరక్క ఫోను బల్ల మీద పెట్టి, అరచేతులు చీరకు తుడుచుకుంది. తన కాగితం వెళ్ళింది సొంత తమ్ముడికి. ఈ అమ్మాయిది, మంగళవారం నుంచి ఆమె ముఖం చూస్తూ ఏమీ అడగని మనిషికి.

ఒక నంబరు మాత్రం ఎత్తడం లేదు. ఒక మగమనిషిది. ఆయన ముందు తెరిచిన రిపోర్టు హెచ్‌ఐవీ పరీక్షది. తను కౌంటరులో ఉన్న రోజుల్లో అలాంటి రిపోర్టును కిటికీలోంచి ఇచ్చేవారే కాదు. మూసిన కవరు డాక్టరు గదిలోకి వెళ్ళేది, ఆ మనిషినీ గదిలోకే పిలిచేవారు. మరి యాప్‌లో అందరి రిపోర్టులతోపాటు అదెందుకు కనిపిస్తోంది? తను రాసేటప్పుడు ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. ఆ పూట ఆరుసార్లు చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

అయిదు గంటలకు ఆఫీసు గుమ్మంలో భర్త కనిపించాడు. చేతులకు గ్రీజు, భుజాన పనిముట్ల సంచీ. ఏదో భవనంలో లిఫ్టు సగంలో వదిలేసి వచ్చినట్టున్నాడు. తమ్ముడు చెప్పేశాడని ఆయన ముఖం చూడగానే తెలిసిపోయింది. ఎందుకు దాచావని అడుగుతాడనుకుంది. ఆయన ఆ మాట ఎత్తలేదు. గోడ పక్కన నిలబడి, ఆమె ఆఖరి ఫోను పూర్తిచేసేదాకా ఆగాడు.

"అందరికీ చేశావా?"

"ఒక్కరు ఎత్తడం లేదు."

"రేపు చేద్దువుగాని. తమ్ముడు డాక్టరు దగ్గర ఈ సాయంత్రానికి నీ పేరు రాయించాడు, పద," అన్నాడు. మెట్లు దిగేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతోంది. అంతవరకూ తన భయమే పెద్దదనుకుంది ఆమె.

మర్నాడు పదిన్నరకు ఆ నంబరు ఎత్తారు. ఆడగొంతు. ఆయన ఉన్నారా అని అడిగింది కౌంటరక్క.

"లేరు. మీరెవరు?"

"ల్యాబు నుంచండి. ఆయన్నే మాట్లాడమని చెబుతారా?"

"ఆ రిపోర్టు గురించేనా?" అంది ఆవిడ.

ఏ రిపోర్టు అని అడగకూడదు. అవునని అనకూడదు, కాదని అనకూడదు. ఈ ఆవిడ ఎవరో, ఆ కాగితం ఈవిడకే వచ్చిందో, ఇంకెవరికో వచ్చి ఇల్లు చుట్టి ఈవిడ దాకా చేరిందో తెలియదు. "ఆయన్నే మాట్లాడమనండి," అని మళ్ళీ అదే మాట అంది.

"చెబుతాను," అని ఆవిడ పెట్టేసింది. గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు.

ఆయన ఫోను చెయ్యలేదు. డాక్టరమ్మ ఆయన పేరుమీద మూసిన కవరులో ఉత్తరం పంపింది, చేరినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఆ తర్వాత ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది. ఆ కవరు చేతిలోకి తీసుకున్నది ఎవరో కౌంటరక్కకు ఇప్పటికీ తెలియదు. అలాంటి రిపోర్టులు ఇకమీద యాప్‌లో కనిపించకూడదని ఆమె పట్టుబట్టింది, డాక్టరమ్మ సరేనంది. దానివల్ల ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఉద్యోగం పోలేదు. యజమాని ఒకరోజంతా మాట్లాడలేదు, రెండో రోజు టీ తెప్పించాడు. ల్యాబువాళ్ళు కోపగించుకున్నారు గాని వదిలిపోలేదు. కుట్టుమిషన్ల అమ్మాయికి ఉత్తరం అందింది. నెల తర్వాత ఆమే ఫోను చేసి, సూపర్‌వైజరు ఇంతవరకూ ఏమీ అనలేదని, తనను మాత్రం బరువులెత్తే వరస నుంచి కూర్చునే వరసకు మార్చాడని, అది మంచికో చెడుకో తెలియడం లేదని చెప్పింది. కౌంటరక్కకూ తెలియలేదు. ఏమైనా జరిగితే ఏ వేళప్పుడైనా చెయ్యమంది.

ఆమెకు ఆపరేషను అయింది. గడ్డ చిన్నదేనని, ఇంకో నాలుగైదు నెలలు ఆగి ఉంటే మాట వేరుగా ఉండేదని డాక్టరు అన్నాడు. తమ్ముడు ఆ మాట పట్టుకుని, నీ తప్పే నిన్ను బతికించిందక్కా అన్నాడు, నవ్వించాలని. ఆమెకు నవ్వు రాలేదు. తనకు మేలు జరిగింది కాబట్టి అది మంచి తప్పు అయిపోతుందా అని అడిగింది. తమ్ముడు ఇంకెప్పుడూ ఆ మాట అనలేదు.

ఆరు వారాల తర్వాత మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్ళాలి. మొన్న అలాగే ఆస్పత్రి వరండాలో, బెంచీ మీద, భర్త పక్కన కూర్చుని ఉంది. లోపలినుంచి ఒక్కొక్కరి పేరు పిలుస్తున్నారు. ఆమె కాళ్ళు నేలకు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపు వైపే చూస్తోంది.

"భయంగా ఉందా?" అన్నాడు ఆయన.

"ఉంది."

"నాకూ ఉంది," అని ఆయన పనిముట్ల సంచీ బెంచీ మీంచి తీసి కింద పెట్టి, కాస్త దగ్గరగా జరిగాడు. లోపల ఇంకెవరినో పిలిచారు.